పిడికెడు బియ్యము – వారమునకొక పూట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

  

ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు బ్రదికి రజతోత్సవము జరుపుకొనుట సామాన్యమైన విషయము గాదు. పుట్టిన గ్రంథాలయములన్నియు అంతకాలము నిలువవు. ప్రారంభోత్సవమునాడు తోరణములు కట్టి, పెద్దలను పిలిచి, విరాళములు ప్రకటించిన పిదప రెండు మూడేండ్లలోనే తలుపులకు తాళము పడిన పఠన మందిరములు తెలుగు నాట ఎన్నియో కలవు. నిలిచినవానిని నిలిపినదేమి? నెలనెల తప్పక వచ్చిన చిన్న చందా; సాయంకాలము వేళకు వచ్చి తలుపు తెరచి, పుస్తకముల దుమ్ము దులిపి, దీపము వెలిగించిన ఒక చేయి. పెద్ద విరాళము గోడలను లేపినది. చిన్న చందా ఆ గోడల నడుమ ప్రాణము నిలిపినది. ఈ సత్యము గ్రంథాలయ చందాదారులకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. దీనినే దానధర్మముల విషయమున అన్వయించి చూచుట ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

దానమను మాట చెవిని పడగానే సామాన్య గృహస్థు కొంత వెనుకకు జరుగును. దానము సంపన్నుల పని యని అతని తలంపు. అట్లు తలంచుటకు కారణము లేకపోలేదు. గ్రామములో కంటికి కనబడు దానములన్నియు పెద్దవే. దేవాలయమున మండపము కట్టించినవారి పేరు రాతిపై చెక్కబడి యుండును. తిరునాళ్ళలో సంతర్పణ చేయించినవారిని ఊరెల్ల కొనియాడును. రెండెకరముల రైతు, కూలికి పోవు మనిషి, చిన్న జీతగాడు ఇవన్నియు చూచి, “చేతిలో నాలుగు రూకలు మిగిలిననాడు చూచుకొందము” అని ఊరకుండును. ఆ నాడు రాదు. పిల్ల పెండ్లి, ఇంటి మరమ్మతు, పశువు కొనుగోలు, ఆసుపత్రి వ్యయము ఒకదాని వెనుక నొకటి వచ్చుచునే యుండును. ఇవ్వవలెనను కోరిక యున్న మనిషి ఇయ్యకయే జీవితమును గడపివేయును.

దీనికి భిన్నమైన మరియొక ప్రమాదము కలదు. ఊరిలో మాట దక్కించుకొనుటకై అప్పు చేసి ఒక్కనాడు ఆర్భాటముగా ఇచ్చి, ఏడాది పొడుగున వడ్డీ కట్టువారును ఉన్నారు. తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని పెద్దలు చెప్పిన మాట ఇట్టివారిని చూచియే పుట్టినది. ఇంటివారి కడుపు మాడ్చి పరులకు పెట్టుట నిత్యము చేయదగిన పని గాదు. కావున ఇంటికి భారము గాకుండ, అప్పు పుట్టకుండ, ఏడాది పొడుగున నడువగలిగిన దానము ఏదియని విచారింపవలయును.

దానము విలువను రాశిని బట్టి కొలువరాదని అన్ని మతములును ముక్తకంఠముతో బోధించుచున్నవి. మహాభారతమున అశ్వమేధ పర్వములో ముంగిస కథ కలదు. ధర్మరాజు యాగము ముగిసిన పిదప సగము మేను బంగారమైన ముంగిస యొకటి అచ్చటికి వచ్చి, కురుక్షేత్రమున ఉంఛవృత్తితో బ్రదుకు పేద విప్రుని కుటుంబము ఆకలిగొన్న అతిథికి పెట్టిన పేలపిండితో ఈ యాగము సరిగాదని పలుకును. ఆ కుటుంబమునకు ఆనాడు ఉన్నదంతయు ఆ పిండియే. కుచేలుని అటుకుల కథ ఎరుగని పల్లె లేదు. బైబిలులో ఏసుక్రీస్తు, ధనవంతులు వేసిన కానుకలకంటె పేద విధవరాలు వేసిన రెండు చిన్న కాసులే ఎక్కువయని శిష్యులకు చూపెను. ఇస్లామున ఏడాది నిలిచిన మిగులు ధనములో నలువదియవ వంతు జకాతుగా ఇచ్చుట ఉన్నవారికి విధి. రంజాను మాసాంతమున పండుగ నమాజునకు ముందే, ఇంటిలోని పసిబిడ్డతో సహా తలకు ఇంతయని ధాన్యమునో దాని వెలనో ఫిత్రాగా ఇత్తురు. పండుగనాడు ఏ యింటను పొయ్యి వెలుగకుండ ఉండరాదని దాని భావము. వీనియందెల్ల కనబడు విషయమొక్కటే: ఇచ్చువాని శక్తికి తగిన కొలత, ఇచ్చుటకు ఒక నియమము.

ఆ కొలతను తెలుగు గృహిణి చేతిలోనే వెదుకవచ్చును. అదియే పిడికెడు బియ్యము. అన్నమునకు ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడు అందులోనుండి ఒక్క పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట వలన ఆ పూట ఇంటిలో ఎవ్వరికిని కడుపు కొరత పడదు. ఆ పిడికిలి సుమారు 40 గ్రాములని అనుకొందురు గాక. ఏడాదికి 365 దినములు. ఒక్క ఇంటి కుండలో 14 కిలోల 600 గ్రాములు చేరును. నూరు గడపల పల్లెలో 1,460 కిలోలు. ఒక మనిషికి దినమునకు 400 గ్రాముల బియ్యము చొప్పున ఏడాదికి 146 కిలోలు కావలయును. అనగా నూరు ఇండ్ల పిడికెళ్ళు పదిమందికి ఏడాది పొడుగున అన్నము పెట్టగలవు. ఇందులో ఏ యిల్లును బీదపడలేదు. ఏ యింటి పేరును రాతిపై చెక్కవలసిన పని లేదు.

ఈ లెక్క కాగితముపైని లెక్క మాత్రమే యని ఎవరైన శంకింపవచ్చును. ఈశాన్య దిక్కున మిజోరము కొండలలోని స్త్రీలు 1910 ప్రాంతమున ఈ పనిని ప్రారంభించిరి. వంటకు బియ్యము తీయునపుడెల్ల ఒక పిడికెడు ప్రక్కకు పెట్టుదురు. చర్చి స్త్రీల సంఘమువారు ఇంటింటికి పోయి దానిని సేకరింతురు. దానిని అమ్మగా వచ్చిన ధనమును సంఘ కార్యములకు వినియోగింతురు. దానికి వారి భాషలో ‘బుహ్‌ఫై థమ్’ అని పేరు. ప్రారంభించినవారు ధనికులు గారు. నాణెములు చేతిలో ఆడని కొండ పల్లెల గృహిణులు. నూరేండ్లు దాటినను ఆ ఆచారము నిలిచియున్నది.

మహారాష్ట్రమున అంతాజీ దామోదర కాళే యను నతడు మనిషికొక పైసా చొప్పున ప్రోగుచేయు పైసా ఫండును నడపెను. లోకమాన్య తిలకుని ప్రోత్సాహము దానికి లభించెను. అట్లు చేరిన పైసలతో 1908లో తళేగావులో గాజు పరిశ్రమ వెలసి, అనేకులకు ఆ పని నేర్పెను. రూపాయికి 64 పైసలున్న కాలమది. ఒక్క పైసాకు ఇంతటి శక్తి కలదని ఆనాడు ఎవరును ముందుగా నమ్మియుండరు.

తెలుగు గడ్డ మీదనే 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో నలువది హరిజన కుటుంబములు ఎనుబది ఎకరముల భూమి కావలెనని వినోబా భావేకు విన్నవింపగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములను ఇత్తునని లేచి నిలిచెను. భూదానోద్యమము అచ్చట పుట్టినది. అది పెద్ద దానము, చరిత్రలో నిలిచినది. ఐనను భూమి లేనివారును ఇయ్యగలిగిన మార్గము కావలెనని తలంచి వినోబా 1950ల చివరి సంవత్సరములలో సర్వోదయ పాత్రను ఉపదేశించెను. ఇంటింట ఒక పాత్ర నుంచి, ఇంటిలోని పసిబిడ్డ చేత దినమునకొక గుప్పెడు ధాన్యము అందులో వేయించవలెనని ఆయన కోరెను. గుప్పెడు బిడ్డది గావలెననుటలో గూఢార్థము కలదు. బిడ్డ పిడికిలి చిన్నది గనుక ఇంటికి భారము లేదు. బిడ్డ పెరిగినకొలది పిడికిలియు పెరుగును. ఇచ్చుట అలవాటై దేహముతోపాటు ఎదుగును.

తెలుగువారు నిత్యదానమును తలంచునప్పుడు గోదావరి లంకలలోని డొక్కా సీతమ్మగారిని తలంపక యుండరాదు. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ మహాసాధ్వి లంకల గన్నవరమున తన ఇంటికి వచ్చిన బాటసారికి వేళ కాని వేళనైనను, కులమును విచారింపక అన్నము పెట్టెను. ఆమె చేసినంత దానము ఒక సామాన్య కుటుంబము చేయజాలదు. చేయవలెనని ప్రయత్నించుటయు వివేకము గాదు. ఐనను ఆమె నుండి గ్రహింపదగిన దొకటి కలదు. ఆమె పొయ్యి పండుగనాడు మాత్రమే వెలిగినది గాదు. ఆకలికి తిథివార నక్షత్రములు లేవని ఆమె ఎరుగును.

ఇంకొక పాత ఆచారము తెలుగు పట్టణములలోను పెద్ద గ్రామములలోను ఉండెడిది. అదియే వారములు చేసికొని చదువుకొనుట. పల్లె నుండి చదువునకై వచ్చిన పేద బాలుడు ఏడు ఇండ్లవారిని ఆశ్రయించి, సోమవారము ఒక యింట, మంగళవారము వేరొక యింట భుజించుచు చదువు సాగించెడివాడు. ఇందలి ఏర్పాటు ఎంత తెలివియైనదో గమనింపుడు. ఒక బాలుని ఏడాది పోషణ ఒక్క ఇంటిపై పడినచో మోయలేని బరువు. దానినే ఏడిండ్లు పంచుకొన్నచో ఒక్కొక్క ఇంటికి ఏడాదిలో 52 దినములు మాత్రమే. వారమునకొకనాడు విస్తరి యొకటి ఎక్కువగా వేయుట. ఇట్టి అన్నము తిని చదివి పెద్ద పదవులను అలంకరించినవారు ఆంధ్రదేశమున పెక్కురు కలరు.

ఐనను ఆ ఆచారమున రెండు లోపములు లేకపోలేదు. మొదటిది, అది చాలవరకు కులపు గడప దాటలేదు. ఏ బాలునికి చదువును అన్నమును రెండును ఎక్కువగా కరవై యుండెనో, ఆ బాలునికి వారము పెట్టు ఇల్లు దొరకలేదు. వసతిగృహములును, ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళును వచ్చిన తరువాతనే అట్టివారికి కొంత నీడ దొరకినది. రెండవది, అన్నము పెట్టినను అవమానము కూడ వడ్డించిన ఇండ్లు కొన్ని యుండెడివి. ఇంటివారికి వేడి అన్నము, వారపు పిల్లవానికి చల్లని అన్నము. ఇంటివారికి నడుమ ఇల్లు, అతనికి వెనుక వసారా. అట్టి అన్నము ఆకలిని తీర్చును గాని మనసున గాయమును మిగుల్చును. ఈ రెండు లోపములను తొలగించి ఆ ఏర్పాటును తిరిగి తెచ్చుకొన్నచో ఈనాటి గ్రామమునకు అది గొప్ప మేలు చేయును.

ఎవరి కొరకని అడుగవచ్చును. ఈనాడు ఏ పల్లెలోనైనను వీథి వెంట నడచి చూచినచో సమాధానము కనబడును. బిడ్డలు చదువుకొని పట్టణములకో, విదేశములకో పోయిరి. మరికొందరు కూలి వెదకికొనుచు వలసపోయిరి. పెద్ద ఇంటిలోను, చిన్న పాకలోను ఒంటరిగా మిగిలినది ముసలి తల్లియో, తండ్రియో. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము వలన అర్హతగల మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము అందుచున్నది. తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యతయని 2007 నాటి చట్టము శాసించుచున్నది. ఇవి మంచి చట్టములే. ఐనను పొయ్యి దగ్గర కూర్చుండి లేవలేని అవ్వకు బియ్యము ఇంటిలో నున్నను అన్నము లేదు. ఒక్కరి కొరకు కూర వండుకొనుట ఎందుకని ఆమె ఉదయమున వండిన అన్నమునే రాత్రికి నీళ్ళు పోసికొని పచ్చడి మెతుకులతో ముగించును. జ్వరము వచ్చిననాడు ఆ మెతుకులును లేవు. ఆమె ఎవరిని అడుగదు. ఒకప్పుడు పదిమందికి పెట్టిన చేయి చాపుటకు సిగ్గుపడును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఇచ్చట అడుగలేనిది అమ్మయే.

ఇట్టివారికి వారపు వంతు ఎంత సులభమో లెక్క చూడుడు. దినమునకు 40 గ్రాముల చొప్పున ఏడు పిడికెళ్ళు 280 గ్రాములు. ఒక వృద్ధుని ఒక పూట భోజనమునకు 200 గ్రాముల బియ్యము మించి అక్కరలేదు. వారమంతయు తీసిపెట్టిన పిడికెళ్ళతో వారమునకొక పూట ఒక పెద్దమనిషికి అన్నము పెట్టి, మిగిలిన బియ్యమును పప్పు కొరకో మందు కొరకో ఉమ్మడి కుండకు పంపవచ్చును. ఏడిండ్లు కలిసినచో ఒక వృద్ధునికి వారమంతయు మధ్యాహ్న భోజనము వేడిగా అందును. డెబ్బది ఇండ్లు కలిసినచో పదిమందికి. ఇంటిలో వండినదే పెట్టవలయును. వేరుగా వండనక్కరలేదు, మిగిలినది పెట్టరాదు. నమలలేనివారికి మెత్తగాను, ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పినవారికి చప్పగాను పెట్టుట మరువరాదు. గిన్నెను పిల్లవాని చేతికిచ్చి పంపినచో మరియు మంచిది. అన్నముతోపాటు ఆ వాకిటిలోనికి ఒక పసి కంఠము పోవును. ఆ పెద్దమనిషి పలుకరింపునకు మారు పలుకవలసి యుండును. ఒకనాడు తలుపు తీయనిచో ఊరికి వెంటనే తెలియును. ఈ చివరి ప్రయోజనము ఒక్కటియే ఆ శ్రమకంతకును తగిన ఫలము.

అన్నము కాక ఏడాది పొడుగున ఋతువు ననుసరించి చేయదగిన స్వల్ప దానములు మరికొన్ని కలవు. తెలుగు సంవత్సరమే అందుకు దారి చూపుచున్నది.

ఉగాది మొదలు ఎండకాలపు నెలలలో జలదానము చేయుట పూర్వాచారము. దానినే చలివేంద్రమందురు. నాలుగు కుండలు, ఒక తాటాకు పందిరి, నీరు పోయుటకు ఒక మనిషి. ఇంతకు మించిన పెట్టుబడి లేదు. కుండలను దినదినము కడిగి మూత పెట్టవలయును. చేయి ముంచకుండ పొడుగు కాడ ముంతను వాడవలయును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఎండలో నడచినవానికి మేలు చేయును. విరేచనములైనవారికి ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలిపి త్రాగించినచో ప్రాణము నిలుచును. చెంచా యనగా టీ చెంచాయే. ఎండదెబ్బకు స్పృహ తప్పినవాని నోట మాత్రము నీరు పోయరాదు. నీడకు చేర్చి, మేను తడిపి, వెంటనే వైద్యునికి చూపవలయును.

బడులు తెరచు జ్యేష్ఠాషాఢములలో విద్యాదానము. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత విద్య బిడ్డల హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ వయసు దాటినవారికే ఎక్కువ ఇబ్బంది. పదవ తరగతి ముగిసిన పేద బాలిక పై చదువు మానుటకు ఒక్కొకప్పుడు రెండు పుస్తకముల వెల చాలిన కారణమగుచున్నది. చదివి ముగించిన పుస్తకములను చిత్తు కాగితములవానికి తూకమునకు అమ్మక గ్రంథాలయమునకు ఇచ్చినచో, ఒక్క పుస్తకము అయిదారేండ్లు అయిదారుగురు విద్యార్థులకు ఉపయోగపడును. ఈ విధముగా ఇచ్చిన కొలది తరుగని దానము పుస్తకదానమొక్కటే. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకములను పేర్చి, కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ త్రిప్పి చదువరుల చేతికి అందించిన చరిత్ర గ్రంథాలయాభిమానులు ఎరిగినదే. పుస్తకము మనిషి దగ్గరకు పోవలయునని ఆ పడవ నేర్పిన పాఠము.

వర్షములు మొదలైన పిదప కారు పాకకు ఒక తాటాకు కప్పో, ఒక పట్టాయో, దోమతెరయో ఇచ్చుట మేలు. కార్తికము దాటి చలి ముదిరినపుడు కంబళి. వస్త్రదానము చేయునపుడు పాతవైనను ఉతికి, చిరుగులు కుట్టి, గుండీలు సరిచేసి, మడత పెట్టి ఇయ్యవలయును. కట్టుకొనుటకు పనికిరాని గుడ్డను ఇచ్చుట దానము గాదు; ఇల్లు ఊడ్చుకొనుట. పుష్యమాసమున పంట ఇల్లు చేరును. హరిదాసు అక్షయపాత్రలోనికి, గంగిరెద్దులవాని జోలెలోనికి సంక్రాంతినాడు గింజలు వేయు చేతులే, ఆ సమయమున ఉమ్మడి కుండకు ఒక కుంచమో, రెండు కుంచములో వేసినచో వేసవి కరవు తెలియదు. మాఘ ఫాల్గుణములు పరీక్షల కాలము. ఇంటిలో చదువుకొనుటకు తావు లేని పిల్లలకు గ్రంథాలయపు తలుపును రాత్రి రెండు గంటలు ఎక్కువగా తెరచి యుంచుట, లెక్కలు వచ్చినవారు రానివారికి చెప్పుట, ఫీజు కట్టలేనివానికి గడువు దాటక ముందే సాయపడుట అప్పటి ధర్మములు.

చేతిలో దమ్మిడీ లేనివాడును ఇయ్యగలవి మూడు కలవు. మొదటిది కాలము. వారమునకొక గంట గ్రంథాలయమున కూర్చుండి, చూపు తగ్గినవారికి పత్రిక చదివి వినిపించుట, పింఛను కాగితములును బ్యాంకు పత్రములును నింపి పెట్టుట ఎంతో విలువగల సాయము. ఒక తప్పు అక్షరము వలన ఆరు నెలల పింఛను ఆగిపోవచ్చును. అక్షరము తెలిసినవాడు దానిని ఒక్క గంటలో సరిదిద్దవచ్చును.

రెండవది రక్తము. పదునెనిమిది మొదలు అరువదియైదేండ్ల నడుమ వయసును, 45 కిలోలకు తగ్గని బరువును, లీటరులో పదవవంతు రక్తమునకు 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబినును కలిగి ఆరోగ్యముగా నున్నవారు ఇయ్యవచ్చును. పురుషులు మూడు నెలలకొక పర్యాయము, స్త్రీలు నాలుగు నెలలకొక పర్యాయము ఇచ్చినను దేహమునకు హాని లేదు. ఇచ్చిన రక్తమును దేహము తిరిగి చేసికొనును. ప్రసవ సమయమున నెత్తురు పోవు తల్లికి, పొలములో యంత్రమున పడి గాయపడినవానికి ఆ సీసా వెల కట్టరానిది.

మూడవది కన్నులు. మరణించిన పిదప ఆరు గంటలలోగా తీసినచో ఒక్కరి నేత్రములు ఇద్దరికి చూపు నీయగలవు. కండ్లజోడు పెట్టుకొన్నవారును, శుక్లము తీయించుకొన్నవారును ఇయ్యవచ్చును. వైద్యులు వచ్చువరకు మృతుని రెప్పలు మూసి తడి దూదిని ఉంచవలయును. తల క్రింద దిండు పెట్టవలయును. విసనకఱ్ఱ తిరుగుచున్నచో ఆపవలయును. మాట ఇచ్చినవాడు ఆనాడు మాటలాడలేడు గనుక, తన కోరికను ఇంటివారికి ముందే చెప్పియుంచుట ముఖ్యము. చితికో, మట్టికో పోవునది ఇద్దరికి సూర్యుని చూపును. ఇంటికి ఒక్క కాసు వ్యయము లేదు.

ఇక ఇచ్చు తీరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. దానమును శ్రద్ధతోను వినయముతోను ఇయ్యవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. తగిన చోట, తగిన వేళ, తగినవానికి, ప్రతిఫలము కోరక ఇచ్చినదే సాత్త్విక దానమని భగవద్గీత నిర్ణయము. ఈ కాలమున ఒక అరటిపండు ఇచ్చి దానితో ఛాయాచిత్రము తీయించి లోకమునకు చూపువారు కలరు. పుచ్చుకొన్న మనిషి ముఖము ఆ చిత్రములో ఎట్లున్నదో వారు చూడరు. బీదతనము ప్రదర్శన వస్తువు గాదు. ఇచ్చువాని పేరు తెలియకపోయినను నష్టము లేదు. పుచ్చుకొన్నవాని పేరు నలుగురి నోట పడకుండ కాపాడుట మాత్రము తప్పనిసరి.

లెక్క విషయమున మొగమాటము పనికిరాదు. ఉమ్మడి దానములు చెడిపోవుటకు ఇయ్యనివారి కంటె లెక్క చెప్పనివారే ఎక్కువ కారణము. ఉమ్మడి కుండనో, డబ్బీనో నెలకొక నియత దినమున ముగ్గురి ఎదుట తెరువవలయును. తాళపు చెవులు రెండు, ఇద్దరి చేతులలో ఉండవలయును. వచ్చినదెంత, పోయినదెంత, నిలువెంతయని గ్రంథాలయపు గోడపై వ్రాసి పెట్టవలయును. పుచ్చుకొన్నవారి పేర్లు మాత్రము గోడపైకి రాక, పుస్తకములో ముగ్గురికి తెలిసియుండిన చాలును. చేతిఫోను ద్వారా పైకము పంపుట సులభమైన ఈ రోజులలో, ఎవరో తెలియని వారి దీనాలాపములను నమ్మి తొందరపడి పంపి మోసపోవువారును కలరు. తెలియని వేయి రూపాయల పిలుపునకంటె, పక్క వీథిలో కంట చూచి ఇచ్చిన పది రూపాయలు నిక్కముగా చేరును. దూరపు కష్టమునకు ఇయ్యదలచినవారు విచారించి, రసీదు పుచ్చుకొని ఇచ్చుట మంచిది.

కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు: “ఊరివారు పెట్టుచున్నారుగదా యని బిడ్డలు తల్లిదండ్రులను మరచిపోరా? ప్రభుత్వము తన పనిని మానుకొనదా?” అని. ఈ ప్రశ్నలో న్యాయము కలదు. పిడికెడు బియ్యము బిడ్డల కర్తవ్యమునకు గాని, ప్రభుత్వ కర్తవ్యమునకు గాని బదులు గాజాలదు. పింఛను రాని వృద్ధునికి పింఛను వచ్చునట్లు అర్జీ వ్రాయుటయు, పట్టణమున నున్న కుమారునికి తల్లి స్థితిని తెలియజేయుటయు ఆ వంతులో భాగమే. ఐనను అర్జీకి సమాధానము వచ్చువరకు, కుమారునికి సెలవు దొరకువరకు ఆకలి ఆగియుండదు. ఆ నడిమి కాలమును నిలుపుటయే ఇరుగుపొరుగు ధర్మము.

ఈ పనికి గ్రంథాలయము కంటె తగిన చోటు గ్రామములో వేరొకటి లేదు. అన్ని కులములవారును, అన్ని మతములవారును, అన్ని పక్షములవారును చెప్పులు విడిచి ఒకే బల్ల చుట్టు కూర్చుండు తావు అది. ఎవరికి ఏ పుస్తకము ఇచ్చినది, ఎన్నడు తిరిగి వచ్చినది వ్రాసి పెట్టుట గ్రంథాలయాధికారికి అలవాటైన పని. అదే శ్రద్ధతో ఏ దినము ఏ యింటి వంతో వ్రాసి పెట్టుటకు ఒక్క చిట్టా పుస్తకము చాలును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటి నుండి గ్రంథాలయోద్యమకారులు పుస్తకములు పేర్చుటతో తృప్తిపడలేదు. రాత్రి బడులు నడపిరి, చదువురానివారికి చదివి వినిపించిరి. వంతు చిట్టా ఆ సంప్రదాయమునకు వెలియైనది గాదు.

రజతోత్సవము నేటితో ముగియును. పందిరి విప్పుదురు, కుర్చీలను బండిపై వేసికొని పోదురు. రేపటి ఉదయము పొయ్యి దగ్గర బియ్యము కొలుచు వేళకు ఈ ఉపన్యాసములోని మాటలలో పెక్కు మరపునకు రావచ్చును. ఒక్క పిడికెడు మాత్రము మరువకున్న చాలును. పొయ్యి ప్రక్కన ఒక చిన్న కుండను ఉంచి, ఇంటిలోని చిన్న బిడ్డను పిలిచి, ఆ బిడ్డ చేత మొదటి పిడికెడు వేయించినచో, వచ్చు వారమునకు ఒక పూట అన్నము సిద్ధమగును. అప్పుడు ఊరిలో ఏ వాకిట పొయ్యి వెలుగలేదో చూచుటయే మిగిలిన పని. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపిన చిన్న చందా వంటిదే ఆ పిడికెడును. అది ఇంకొక ఇరువదియైదేండ్లు ఊరిని నిలుపు గాక.

స్వస్తి.